అరకు హోమ్‌స్టే, ఆరు గదులు, ఒక్క ఫైబర్ లైన్: స్విచ్‌లో క్యూఓఎస్ పెట్టి కాల్స్ కాపాడుకున్న కథ

రాత్రి ఏడు దాటింది. అరకు నుంచి డుంబ్రిగుడ వెళ్లే రోడ్డు పక్కన మా ఫ్రెండ్ వాళ్ల హోమ్‌స్టే. పెరట్లో బొంగు చికెన్ కాలుతున్న వాసన, పై గదుల్లో టూరిస్టుల గోల. మావాడు మాత్రం మెట్ల కింద ఉన్న చిన్న గదిలో హెడ్‌సెట్ పెట్టుకుని "హలో, వినిపిస్తోందా? సారీ, ఇంకోసారి చెప్పండి" అని అదే ముక్క పదిసార్లు అంటున్నాడు. అవతల అమెరికా క్లయింట్. పదకొండోసారి అనేలోపే కాల్ కట్.

వాడు బెంగళూరు కంపెనీ ఒకదానిలో సపోర్ట్ ఇంజినీర్. వాళ్ల నాన్న పోయాక ఆరు గదుల హోమ్‌స్టేని అమ్మ ఒక్కతే చూసుకోలేకపోతోందని వర్క్ ఫ్రమ్ హోమ్ అడిగి మరీ ఊరికి వచ్చేశాడు. ఆ వారమే మేనేజర్ చెప్పేశాడట: నెలాఖరు దాకా చూస్తాను, కాల్స్ ఇలాగే తెగితే ఆఫీసుకి వచ్చేయాలి అని. వస్తే హోమ్‌స్టే మూత. రాకపోతే ఉద్యోగం మూత. నేనేమో వలిసె పూలు చూద్దామని వీకెండ్‌కి వెళ్లినవాణ్ణి. పూలు చూసింది గంటసేపు, రౌటర్ పేజీ చూసింది రెండు రోజులు.

"స్పీడ్ బానే ఉంది మావా, కానీ కాల్ నిలబడదు" అన్నాడు. ఇదే అసలు పజిల్. మీ ఇంట్లో కూడా ఇదే కంప్లైంట్ ఉంటే ఈ ఆర్టికల్ మీకోసమే.

స్పీడ్ టెస్ట్ చెప్పని నిజం

మధ్యాహ్నం గెస్టులంతా చాపరాయి, బొర్రా గుహలు చూడ్డానికి వెళ్లినప్పుడు టెస్ట్ పెట్టాను. 40 ఎంబీపీఎస్ ప్లాన్. డౌన్‌లోడ్ 38, అప్‌లోడ్ 10 వచ్చింది. 8.8.8.8కి ఆపకుండా పింగ్ పెడితే 28, 30, 29 మిల్లీ సెకన్లు. కొండల్లో ఇంతకంటే ఏం కావాలి?

సాయంత్రం ఆరున్నరకి అదే పింగ్ విండో మళ్లీ తెరిచాను. 60. 240. 900. 1100. రిక్వెస్ట్ టైమ్‌డ్ అవుట్. అదే సమయంలో ఇంకో విండోలో ఇంట్లోనే ఉన్న ఫైబర్ మోడెమ్‌కి, అంటే ఓఎన్‌టీకి, కేబుల్ మీద పింగ్ పెడితే మాత్రం 1 మిల్లీ సెకను. అంటే మన గదికీ ఓఎన్‌టీకీ మధ్య ఏ తేడా లేదు. ఓఎన్‌టీ దాటాకే ఎక్కడో ప్యాకెట్లు ఇరుక్కుంటున్నాయి.

ఎందుకు ఆరున్నరకే? కాసేపు ఆలోచిస్తే నవ్వొచ్చింది. పొద్దున్నుంచి గెస్టులు గాలికొండ వ్యూ పాయింట్ దగ్గర, గుహల దగ్గర, జలపాతం దగ్గర ఫోటోలు తీస్తూనే ఉంటారు. ఘాట్‌లో చాలాచోట్ల సిగ్నల్ అంతంతమాత్రం, కాబట్టి ఏదీ అప్‌లోడ్ అవ్వదు. సాయంత్రం రూమ్‌కి రాగానే ఫోన్ వైఫై పట్టుకుంటుంది, గూగుల్ ఫోటోస్, ఐక్లౌడ్ బ్యాకప్ ఒక్కసారిగా మొదలు. గదికి ఇద్దరు ముగ్గురు, ఆరు గదులు, ఇంచుమించు పదిహేను ఫోన్లు. ఒకాయన 4 జీబీ 4కే వీడియోలు తీసుకొచ్చాడనుకోండి, 7.5 ఎంబీపీఎస్ అప్‌లోడ్ మొత్తం ఆయనకే ఇచ్చినా గంటా పది నిమిషాలు పడుతుంది. సరిగ్గా అదే టైమ్‌కి మావాడి షిఫ్ట్ మొదలవుతుంది. పాపం, టైమింగ్ అలా కుదిరింది.

ఇక్కడ జరిగేదాన్ని బఫర్‌బ్లోట్ అంటారు. జిమ్ గెటిస్ అనే ఇంజినీర్ 2010 ప్రాంతంలో ఈ పేరుని జనంలోకి తెచ్చాడు. మోడెమ్ తయారు చేసేవాళ్లు ప్యాకెట్ పోకూడదని లోపల పెద్ద బఫర్ పెడతారు. లైన్ నిండిపోయినా ప్యాకెట్లని పారేయకుండా క్యూలో నిలబెడుతుంది. ఫోటో బ్యాకప్‌కి సెకను లేటైతే ఏం కాదు. వాయిస్ అలా కాదు. మామూలు వాయిస్ కాల్ సెకనుకి దాదాపు 50 చిన్న ప్యాకెట్లు పంపుతుంది, మొత్తం కలిపినా 100 కేబీపీఎస్ లోపే. చిన్న ప్రాణం! కానీ ప్రతి ప్యాకెట్ టైమ్‌కి చేరాలి. ఒకవైపు ఆలస్యం 150 మిల్లీ సెకన్లు దాటకుండా ఉంటే మంచిదని ఐటీయూ జీ.114 సిఫారసు. ఇక్కడ 1100. లెక్క వేస్తే 7.5 ఎంబీపీఎస్ లైన్ మీద 1.1 సెకను ఆలస్యం అంటే దాదాపు ఒక ఎంబీ డేటా ఆ చిన్న డబ్బాలో వరుసగా నిలబడి ఉన్నట్టు. మావాడి "హలో" ఎవరిదో సెల్ఫీ వెనకాల నిలబడింది.

అందుకే పెద్ద ప్లాన్ వేయించుకోమనే సలహా ఇక్కడ పనికిరాదు. వాడు ముందే వేయించి చూశాడు. ఏ కంపెనీ అన్నది అనవసరం, కానీ పేపర్ మీద ప్లాన్ పెరిగినా సాయంత్రాల అప్‌లోడ్ పెరగలేదు. పెరిగినా బ్యాకప్ దాన్ని కూడా నింపేస్తుంది, పని రెండు రెట్లు త్వరగా అవుతుందంతే. ఆ కాసేపూ కాల్ పోయినట్టే.

కొండల్లో లైన్ సంగతి

మైదానంలో ఉండేవాళ్లకి ఇది అర్థం కావాలంటే ఒక మాట చెప్పాలి. మన రాష్ట్రంలో ఫైబర్ చాలా భాగం భూమిలో కాదు, కరెంటు స్తంభాల మీద వేలాడుతుంది. 2017 డిసెంబర్ 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్ డిజైనే అది: తవ్వకుండా, స్తంభాల మీదుగా, త్వరగా, చవగ్గా ఊరూరా తీసుకెళ్లడం. నెలకి 149 రూపాయలకి 15 ఎంబీపీఎస్ అన్నప్పుడు దేశమంతా మాట్లాడుకుంది. 2022 జూలైలో కేంద్రం దేశంలో సిగ్నల్ లేని 24,680 ఊళ్లకి 4జీ ఇవ్వడానికి 26,316 కోట్లు ఆమోదించింది. అయినా పాడేరు కేంద్రంగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఒక కొండ ఇవతల ఫుల్ సిగ్నల్, అవతల నో సర్వీస్ అనేది ఇప్పటికీ మామూలే. కాబట్టి ఉన్న ఒక్క లైన్‌ని తెలివిగా వాడుకోవడమే మన చేతిలో ఉన్న పని.

గూడ్స్‌ని లూప్‌లో పెట్టడం

క్యూఓఎస్ అంటే క్వాలిటీ ఆఫ్ సర్వీస్. పేరు పెద్దది, పని చిన్నది. అరకు వాళ్లకైతే కేకే లైన్ చూపిస్తే చాలు. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా, బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ పోర్టుకి దించడానికి 1960లలో వేసిన లైన్. ఘాట్‌లో సింగిల్ ట్రాక్ మీద ఒక టైమ్‌లో ఒక్క బండే వెళ్తుంది. అందుకని స్టేషన్‌లో లూప్ లైన్ ఉంటుంది. గూడ్స్‌ని లూప్‌లోకి తీసి నిలబెడతారు, ప్యాసింజర్ ముందు వెళ్లిపోతుంది, తర్వాత గూడ్స్ కదులుతుంది. ట్రాక్ వెడల్పు అంగుళం కూడా పెరగలేదు. ఎవరు ముందు అన్నది మాత్రమే మారింది. (ఒక్కోసారి మన ప్యాసింజర్‌నే గంటసేపు ఆపి ఖనిజం బండిని పంపుతారు. అదీ క్యూఓఎస్సే, పాలసీ వాళ్లది!) ఆ లైన్‌కి డబ్లింగ్ పనులు మొదలయ్యాయి, అది పెద్ద ప్లాన్ వేయించుకోవడం లాంటిది.

స్విచ్‌లో ప్రతి పోర్ట్‌కీ బయటికి వెళ్లే దారిలో ఇలాంటి లూప్‌లు, అంటే క్యూలు ఉంటాయి. హోమ్ యూజర్లు కొనే స్మార్ట్ స్విచ్‌లలో సాధారణంగా నాలుగు, ఆఫీసు స్విచ్‌లలో ఎనిమిది. వచ్చిన ప్యాకెట్ ఏ క్యూలోకి వెళ్లాలో స్విచ్ మూడు రకాలుగా తేల్చుకుంటుంది. ఒకటి, ఏ పోర్ట్ నుంచి వచ్చింది. రెండు, ఈథర్‌నెట్ ట్యాగ్‌లో ఉండే 802.1పీ అనే 3 బిట్ల ప్రయారిటీ, 0 నుంచి 7 దాకా. మూడు, ఐపీ హెడర్‌లో ఉండే 6 బిట్ల డీఎస్‌సీపీ, 0 నుంచి 63 దాకా. వాయిస్‌కి వాడుకలో ఉన్న డీఎస్‌సీపీ నంబర్ 46, దాన్ని ఈఎఫ్ అంటారు.

క్యూల్లోంచి తీసేటప్పుడు రెండు పద్ధతులు. స్ట్రిక్ట్ ప్రయారిటీలో పై క్యూ ఖాళీ అయ్యేదాకా కింది క్యూ వైపు చూడదు. వెయిటెడ్ రౌండ్ రాబిన్‌లో పై క్యూ నుంచి ఇన్ని, కింది క్యూ నుంచి ఇన్ని అని వంతుల ప్రకారం తీస్తుంది. మొదటిది వాయిస్‌కి బాగుంటుంది కానీ మొహమాటం లేని పద్ధతి. దాని దెబ్బ నాకు మర్నాడే తగిలింది, చెబుతాను.

మొదటి ప్రయత్నం ఫెయిల్

శనివారం పొద్దున్నే వాడి దగ్గర ఉన్న 8 పోర్ట్‌ల స్మార్ట్ స్విచ్ తీశాం. మీరు కొనాలనుకుంటే టీపీ-లింక్ టీఎల్-ఎస్‌జీ108ఈ, నెట్‌గేర్ జీఎస్308ఈ ఈ తరగతివే. "అన్‌మేనేజ్డ్" అని రాసి ఉన్న చవక మోడల్ మాత్రం వద్దు, అందులో మీరు మార్చగలిగే సెట్టింగ్ ఒక్కటీ ఉండదు.

మెట్ల కింద గదిలోని ల్యాప్‌టాప్‌ని కేబుల్‌తో పోర్ట్ 1కి పెట్టాం. వంటింటి కిటికీలోంచి 18 మీటర్ల క్యాట్ 6 కేబుల్ లాగడానికే గంట పట్టింది. బుకింగ్స్ చూసుకునే పీసీ పోర్ట్ 3. సీసీ కెమెరాల రికార్డర్ పోర్ట్ 4. ఓఎన్‌టీ పోర్ట్ 8. స్విచ్ పేజీలో క్యూఓఎస్ మోడ్‌ని పోర్ట్ బేస్డ్ అని పెట్టి పోర్ట్ 1కి హయ్యెస్ట్, 3కి మీడియం, 4కి లోయెస్ట్ ఇచ్చాం. సేవ్ కొట్టాం. టీ తాగాం. హీరోల్లా ఫీలయ్యాం.

సాయంత్రం పింగ్ 1000.

మొదటి తప్పు సిల్లీది. గెస్టులంతా ఓఎన్‌టీ సొంత వైఫై మీద ఉన్నారు. వాళ్ల ట్రాఫిక్ స్విచ్‌ని తాకనే తాకదు, నేరుగా ఓఎన్‌టీలోకి వెళ్లి అక్కడి క్యూలో నిలబడుతుంది. స్టేషన్ పక్కనుంచి ఇంకో ట్రాక్ ఉంటే స్టేషన్ మాస్టర్ ఏం చేస్తాడు?

రెండో తప్పు మాత్రం చాలామంది చేసేదే, ఈ ఆర్టికల్ రాయడానికి అసలు కారణం అదే. స్విచ్ నుంచి ఓఎన్‌టీకి ఉన్న కేబుల్ 1 జీబీపీఎస్. ఓఎన్‌టీ నుంచి బయటికి 7.5 ఎంబీపీఎస్. స్విచ్ వరకు చూస్తే దారి ఎప్పుడూ ఖాళీయే, ఎంత వచ్చినా క్షణంలో ఓఎన్‌టీకి అందించేస్తుంది. దాని క్యూల్లో ప్యాకెట్ నిలబడే అవసరమే రాదు. నిలబడని చోట ఎవరు ముందు అన్న ప్రశ్నే లేదు. క్యూ అంతా ఓఎన్‌టీలో తయారవుతోంది, అక్కడ మన సెట్టింగ్స్ చెల్లవు. క్యూఓఎస్ పనిచేసేది ఇరుకు ఉన్న చోటే. స్విచ్‌లో క్యూఓఎస్ ఆన్ చేశాను, తేడా కనబడలేదు అని చెప్పేవాళ్లలో ఎక్కువమంది ఇక్కడే ఆగిపోయి ఉంటారని నా అనుమానం.

ఇరుకుని మనింటికి తెచ్చుకోవడం

మందు వింతగా ఉంటుంది: లైన్‌ని మనమే కొంచెం ఇరుకు చేయాలి. స్విచ్ పేజీలో బ్యాండ్‌విడ్త్ కంట్రోల్ లేదా రేట్ లిమిట్ అని ఇంకో పేజీ ఉంటుంది. అందులో పోర్ట్ 8 ఈగ్రెస్, అంటే స్విచ్ నుంచి ఓఎన్‌టీ వైపు వెళ్లే దారిని, లైన్ అసలు అప్‌లోడ్ కంటే కాస్త తక్కువకి కట్టేయాలి. అప్పుడు ఓఎన్‌టీకి ఎప్పుడూ అది మోయగలిగేంతే అందుతుంది, దాని బఫర్ ఖాళీగా ఉంటుంది. క్యూ స్విచ్‌లోకి వస్తుంది. స్విచ్ మన మాట వింటుంది.

ఎంతకి కట్టాలి? ఇక్కడ తొందరపడకండి. మధ్యాహ్నం వచ్చిన 10ని నమ్మితే దెబ్బే. పొద్దున టెస్ట్ చేశాం, 11 వచ్చింది. రాత్రి గెస్టులు భోజనాలకి కిందికి వచ్చినప్పుడు రెండు నిమిషాలు వైఫై ఆపి టెస్ట్ చేస్తే 7.5. వీటిలో అన్నిటికంటే తక్కువది తీసుకుని ఇంకో పది, పదిహేను శాతం తగ్గించాలి. మేము 6.5 ఎంబీపీఎస్ పెట్టాం, పేజీలో 6500 కేబీపీఎస్‌కి దగ్గరి అంకె. కొన్ని మోడళ్లలో మనకి నచ్చిన అంకె వేయనివ్వరు, 4 ఎంబీపీఎస్, 8 ఎంబీపీఎస్ అని మెట్లు ఉంటాయి. 7.5 లైన్ ఉన్నవాడికి 8 పనికిరాదు, 4 అన్యాయం. కొనేముందు ఈ ఒక్క విషయం మాన్యువల్‌లో చూసుకోండి.

తర్వాత ఓఎన్‌టీ వైఫై ఆఫ్. మూలన పడి ఉన్న పాత రౌటర్‌ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లోకి మార్చి, పై అంతస్తు వరండాలో పెట్టి, స్విచ్ పోర్ట్ 5కి కలిపాం. ప్రయారిటీ లోయెస్ట్. పాత వైఫై పేరు, పాస్‌వర్డ్ అలాగే ఉంచాం, గెస్టులకి ఏమీ తెలియలేదు.

డౌన్‌లోడ్ సంగతి? అటువైపు ఇరుకు ఆపరేటర్ దగ్గర ఉంటుంది, మన స్విచ్‌కి అందదు. కానీ ఒక అడ్డదారి ఉంది. పోర్ట్ 5 ఈగ్రెస్, అంటే స్విచ్ నుంచి గెస్ట్ వైఫై వైపు దారిని 22 ఎంబీపీఎస్‌కి కట్టేశాం. దాటితే స్విచ్ ప్యాకెట్లని పారేస్తుంది. టీసీపీ అది గమనించి తనే వేగం తగ్గించుకుంటుంది. మిగిలిన డౌన్‌లోడ్ మావాడి కాల్‌కీ బుకింగ్ పీసీకీ ఎప్పుడూ ఉంటుంది. ఇది అప్‌లోడ్ పద్ధతి అంత కచ్చితం కాదు, కానీ పని నడిచింది. యూట్యూబ్ హెచ్‌డీకి 22 ధారాళం.

ఆ రాత్రి ఆరు గదులూ ఫుల్. నేనే కావాలని నా ఫోన్‌లోంచి కూడా 4కే వీడియో అప్‌లోడ్ పెట్టాను. పోర్ట్ 1 ల్యాప్‌టాప్‌లో పింగ్: 31, 33, 30, 38, 32. స్ట్రిక్ట్ ప్రయారిటీలో మన ప్యాకెట్ ఆగాల్సి వస్తే ముందు బయల్దేరిన ఒక్క ప్యాకెట్ కోసమే ఆగాలి. 1500 బైట్ల ప్యాకెట్ 6.5 ఎంబీపీఎస్ మీద వెళ్లడానికి 2 మిల్లీ సెకన్లు. లెక్కకి సరిపోయింది. అదే గెస్ట్ వైఫై మీద నా ఫోన్‌లో పింగ్ 300 పైనే. వాళ్ల బ్యాకప్ రాత్రంతా నడుస్తుంది, పొద్దున లేచేసరికి పూర్తవుతుంది. ఎవరికీ నష్టం లేదు.

మావాడు గంటా నలభై నిమిషాల కాల్ చేసి బయటికి వచ్చాడు. ఏమీ అనలేదు. నేరుగా వెళ్లి చల్లారిపోయిన చికెన్ తిన్నాడు.

మర్నాటి దెబ్బ

ఆదివారం పొద్దున 3వ గది ఆయన కిందికి వచ్చి "వైఫై చచ్చిపోయింది" అన్నాడు. నిజమే, గెస్ట్ వైఫైలో ఏ పేజీ కూడా తెరుచుకోవడం లేదు. చూస్తే ల్యాప్‌టాప్‌లో వన్‌డ్రైవ్ 2 జీబీ లాగ్ ఫైళ్లు అప్‌లోడ్ చేస్తోంది. పోర్ట్ 1 కదా, హయ్యెస్ట్. స్విచ్‌కి వాయిస్ ఏదో వన్‌డ్రైవ్ ఏదో తెలియదు, ఆ పోర్ట్ నుంచి ఏది వచ్చినా రాజే. స్ట్రిక్ట్ ప్రయారిటీ కాబట్టి 6.5 మొత్తం అదే తినేసింది. స్విచ్ చెప్పింది చెప్పినట్టు చేసింది, తప్పు నాది.

పోర్ట్ 1 ఇంగ్రెస్‌ని 4 ఎంబీపీఎస్‌కి కట్టేద్దామా అనుకున్నాను. కానీ ఆ లిమిట్ కూడా గుడ్డిదే. వన్‌డ్రైవ్ 4 నింపితే దాంతోపాటు వాయిస్ ప్యాకెట్లు కూడా డ్రాప్ అవుతాయి, మళ్లీ మొదటికి వస్తాం. చివరికి వన్‌డ్రైవ్ సెట్టింగ్స్‌లోనే అప్‌లోడ్ రేట్ లిమిట్ పెట్టాం. చిన్న పని, పెద్ద ప్రశాంతత.

అసలైన శుభ్రమైన దారి డీఎస్‌సీపీ. విండోస్ ప్రో ఉంటే గ్రూప్ పాలసీలో పాలసీ బేస్డ్ క్యూఓఎస్ అని ఉంటుంది. ఫలానా ప్రోగ్రామ్, ఫలానా పోర్టుల నుంచి వెళ్లే ప్యాకెట్లకి 46 ముద్ర వేయి అని చెప్పొచ్చు. టీమ్స్ ఆడియోకి మైక్రోసాఫ్ట్ సూచించే సోర్స్ పోర్టులు 50000 నుంచి 50019, వీడియోకి 50020 నుంచి 50039. అప్పుడు స్విచ్‌ని డీఎస్‌సీపీ మోడ్‌లోకి మారిస్తే వాయిస్ ఒక్కటే పై క్యూలోకి వెళ్తుంది, వన్‌డ్రైవ్ మామూలు క్యూలో ఉంటుంది. రెండు చిక్కులు. కంపెనీ డొమైన్‌లో లేని పీసీలో విండోస్ ఆ ముద్రని మామూలుగా వేయదు, రిజిస్ట్రీలో ఒక విలువ మార్చాలి. పైగా మావాడిది కంపెనీ ల్యాప్‌టాప్, అడ్మిన్ హక్కులు లేవు. ఐటీ వాళ్లకి మెయిల్ పెట్టాడు, అది వాళ్ల లోప్రయారిటీ క్యూలో ఉంది. ఇంకో మాట: ఈ ముద్ర మీ ఇంటి గడప దాటాక పనిచేస్తుందని ఆశ పెట్టుకోకండి. ఇంటర్నెట్‌లోకి వెళ్లాక చాలా నెట్‌వర్క్‌లు దాన్ని తుడిచేస్తాయి. మన ఇరుకు మన ఇంట్లోనే ఉంది కాబట్టి మనకి చాలు.

వైఫై మీదే కాల్స్ చేసుకునేవాళ్లకి ఒక సూచన. వైఫైకి తనదైన క్యూఓఎస్ ఉంది, డబ్ల్యూఎంఎం అంటారు. వాయిస్, వీడియో, మామూలు, బ్యాక్‌గ్రౌండ్ అని నాలుగు తరగతులు. యాక్సెస్ పాయింట్‌లో అది ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి. అయినా నా ఓటు కేబుల్‌కే. రాతి గోడల పాత ఇంట్లో 2.4 గిగాహెర్ట్జ్ మీద జూమ్ కాల్ చేస్తూ స్విచ్‌ని తిట్టడం న్యాయం కాదు.

ఎక్కడ చేతులెత్తేసింది

సోమవారం మధ్యాహ్నం వాన. ఘాట్‌లో ఎక్కడో చెట్టుకొమ్మ పడి ఫైబర్ తెగింది. బ్యాకప్‌గా ఉన్న 4జీ రౌటర్‌కి మార్చాం. అక్కడ అప్‌లోడ్ ఒకసారి 9, ఇంకోసారి 2, మబ్బు పట్టిందంటే ఇంకా తక్కువ. స్విచ్‌లో 6.5 అని రాతి మీద చెక్కినట్టు ఉంది. లైన్ 2కి పడిపోగానే ఇరుకు మళ్లీ స్విచ్ దాటి అవతలికి వెళ్లిపోయింది, పింగ్ 800. పోర్ట్ 8ని చేత్తో 1.5కి దించి ఆ షిఫ్ట్ గట్టెక్కించాం. స్విచ్ రేట్ లిమిట్‌కి ఉన్న పెద్ద లోపం ఇదే: లైన్ మారితే అది మారదు.

అందుకే ఎవరైనా కొత్తగా డబ్బు పెట్టి కొంటానంటే నేను స్విచ్ కంటే ముందు రౌటర్ చూడమంటాను. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ పడే రౌటర్‌లో ఎస్‌క్యూఎం అనే ప్యాకేజీ వేసుకుని కేక్ ఎంచుకుంటే ఈ తలనొప్పిలో సగం పోతుంది. మైక్రోటిక్ వాళ్ల రౌటర్ఓఎస్ 7లోనూ కేక్ ఉంది. ఇవి 2012లో క్యాథలీన్ నికల్స్, వాన్ జాకబ్సన్ చెప్పిన కోడెల్ ఆలోచన నుంచి వచ్చినవి. ప్యాకెట్ క్యూలో ఎంతసేపు నిలబడిందో చూసి, ఎక్కువైతే పారేసి పంపేవాడికి సంకేతమిస్తాయి. ఒక్కో కనెక్షన్‌కి వేరే వరుస ఇస్తాయి కాబట్టి ఎవరి బ్యాకప్పూ ఎవరి కాల్‌కీ అడ్డు రాదు, ముద్రల గొడవ కూడా పెద్దగా ఉండదు. 4జీ లాంటి ఊగే లైన్ల కోసం లిమిట్‌ని దానంతటదే పెంచి తగ్గించే కేక్ ఆటోరేట్ అనే స్క్రిప్ట్ కూడా ఉంది. స్విచ్ దారి ఎప్పుడు బాగుంటుందంటే: ఆపరేటర్ ఇచ్చిన ఓఎన్‌టీని తీసేసే వీలు లేనప్పుడు, లైన్ వేగం ఒకేలా ఉన్నప్పుడు, స్మార్ట్ స్విచ్ ఇప్పటికే మీ దగ్గర ఉన్నప్పుడు. మావాడి కేసులో మూడూ కుదిరాయి, సోమవారం వాన తప్ప.

ఇంకో రెండు చిన్న జాగ్రత్తలు. ఇలాంటి చవక స్విచ్‌ల అడ్మిన్ పేజీని గెస్ట్ వైఫైలో ఉన్నవాళ్లు కూడా తెరవగలరు, డీఫాల్ట్ పాస్‌వర్డ్ వెంటనే మార్చండి. ఓఎన్‌టీ, స్విచ్ రెండింటికీ మినీ డీసీ యూపీఎస్ పెట్టండి, అడాప్టర్ వోల్టేజ్ చూసుకుని మరీ. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ ఓఎన్‌టీ లైన్ పట్టుకోవడానికి తీసుకునే నిమిషాల్లో ఏ క్యూఓఎస్ కూడా కాల్‌ని కాపాడదు. కొన్ని మోడళ్లలో సేవ్ కాన్ఫిగ్ అని విడిగా నొక్కకపోతే కరెంటు పోగానే సెట్టింగ్స్ కూడా పోతాయి.

మంగళవారం పొద్దున నేను బ్యాగ్ సర్దుకుంటుంటే వాళ్లమ్మ కాఫీ తెచ్చి అక్కడే నిలబడింది. "బాబూ, నువ్వా డబ్బా పెట్టినకాడి నుంచి మా పాప మొకం ముక్కలు ముక్కలుగా కనిపిస్తంది. ఏటి సేసినావు?" అంది. కూతురు విశాఖలో నర్సింగ్ చదువుతోంది. రోజూ రాత్రి ఎనిమిదింటికి వాట్సాప్ వీడియో కాల్. అమ్మ ఫోన్ గెస్ట్ వైఫై మీద ఉంది. పోర్ట్ 5, లోయెస్ట్. మూడు రోజులుగా ఎవరి ఫోటోల వెనకాల ఎవరిని నిలబెట్టామో మా ఇద్దరికీ అప్పుడు తెలిసింది.

బస్సుకి ఇంకా నలభై నిమిషాలుంది. అల్మారాలో ఇంకో పాత రౌటర్ కనబడింది. దుమ్ము దులిపి, యాక్సెస్ పాయింట్ చేసి, వంటింట్లో పెట్టి పోర్ట్ 2కి కలిపాను. కొత్త పాస్‌వర్డ్ ఆవిడకీ మావాడికీ మాత్రమే తెలుసు. పోర్ట్ 2కి కూడా హయ్యెస్ట్ ఇచ్చాను.